ఖాన్

కొప్పర్తి ఫ్యాక్టరీలో మొదటి వారం
ఆమె "ఖాన్, ఖాన్" అని అరిస్తే
మా లైనులో ముగ్గురు వెనక్కి తిరిగినారు:
ఇంతియాజ్ ఖాన్, గౌస్ ఖాన్,
సరిగా వినపడని షఫీ ఖాన్ కూడా.
ఆమె పిలిచింది వాళ్లను కాదు.
బల్ల మీద కెమెరాను చూపించి
చూడండి అంటాంది, అంతే.

మెషిన్లు బిగించను వచ్చిన ఇంజనీరు, రుయిఫాంగ్.
మాట మార్చి చెప్పే పిల్లోడు మూడో రోజే జరమొచ్చి పండుకున్నాడు.
ఇంక మిగిలింది ఫోన్‌లో పలికే యాప్,
ఒక ఇనుప స్కేలు, నాలుగు చేతులు.

మా పని కళ్లు తయారుచేసేది.
అంగళ్ల గోడలకు, బ్యాంకు మూలలకు
బిగించే చిన్న నల్ల కళ్లు.
ఒక్కోదాన్ని గీతల పటం ముందర పెడతాను.
సన్న గీతలు విడివిడిగా వస్తే ఆకుపచ్చ బిళ్ల,
అలుక్కుపోతే ఎర్రది.

ఒకనాడు ఎర్ర బిళ్ల కెమెరా ఎత్తి పట్టుకోని
ఖాన్, అనింది. తలూపింది.
జియెన్, అనింది. అడ్డంగా ఊపింది.
లైటు వెలుగుతాంది, లెన్సు పటం పక్కకే తిరిగుండాది.
ఖాన్, ఔను. జియెన్, లేదు.
కంట్లో పొర కమ్మిన మా ఓబులక్క
బస్టాండులో బోర్డుకెల్లా తలెత్తి
"చూస్తానే ఉండా లేప్పా, కనపడల్యా" అంటాది.
అదీ సంగతి.
చూసేది మన పని.
కనపడేది మన చేతిలో లేదు,
అది రావాల, వచ్చి కంట్లో నిలబడాల.

మధ్యాన్నం క్యారియర్ మూత తీస్తే
రాగిసంగటి, చెనిక్కాయల ఊరిమిండి.
రోంత తుంచి, తిని చూడు అన్నాను.
యాప్ దాన్ని ఏమని పలికిందో, ఆమె నవ్వింది.
ఛాంగ్ ఛాంగ్ ఖాన్, అనింది.
వేళ్ల మీద విడగొట్టింది:
తిను. తిను. చూడు.
చెయ్యి కడగకుండానే నోట్‌బుక్కు తీసినాను.
ఎవురు నేర్పినారు ఆళ్లకు
నాలికకు కన్ను పెట్టేది?
మనం కాలుతాందేమోనని చెయ్యి పెట్టి చూస్తాం,
ఇయ్యడని తెలిసీ అప్పు అడిగి చూస్తాం.
వాళ్లు పుస్తకాన్ని ఖాన్ చేస్తారంట,
డాక్టరు రోగాన్ని ఖాన్ చేస్తాడంట,
రోగి కూడా రోగాన్నే ఖాన్ చేయను పోతాడంట.
వాసన మాత్రం చూడరు.
దానికి వేరే మాట; రాస్తే, వాకిట్లో చెవి.

ఖాన్‌ను అట్టపెట్టె మీద రాసి చూపించింది.
కింద కన్ను, పైన చెయ్యి.
నాకు ఇంకేం చెప్పాల్సిన పనిలేదు.
ఏప్రిల్ ఎండలో కర్బూజా కుప్ప పక్కన
మా పుల్లన్న మామ నొసటికి చెయ్యి అడ్డం పెట్టి
లారీ వస్తాదా అని చూసే చూపు అది.
అదే అక్షరాన్ని గొంతు దించకుండా
సమంగా సాగదీస్తే, కాపలా.
రాత్రిపూట మామ తోటను చూసుకుంటాడు.
మనం మాటకు తోక తగిలిస్తాం,
వాళ్లు గొంతును పైనే నిలబెడతారు.
నేను నిలబెట్టబోయి కింద పడేసినప్పుడల్లా
గౌస్ ఖాన్ "ఏందక్కా" అంటానే ఉన్నాడు.

నెల తిరక్కుండానే పని అయిపోయింది.
గేటు కాడ చెన్నై కారు.
జాయ్ జియెన్, అనింది.
విడగొట్టుకున్నాను: మళ్లీ. కనపడేది.
ఖాన్ కాదు. జియెన్.
ఎవురి చేతిలోనూ లేనిదాన్ని
మాటిచ్చి పోతాంది.
మా పక్క పోతా అనకూడదు, పోయొస్తా అనాల అని
మూడుసార్లు చెప్పించినాను.
కారు మలుపు తిరిగేదాకా
నా చెయ్యి నా నొసటి మీదనే ఉన్నింది.

లోపలికొచ్చి ఇంకో కెమెరా తగిలించినాను.
తెర మీద గీతల పటానికి అడ్డంగా
ఎవురిదో బొట్టు, ఎవురిదో ముక్కుపుల్ల,
అంతా అలుక్కుపోయి.
ఎర్ర బిళ్ల వేళ్ల మధ్యన్నే ఉండిపోయింది.
షఫీ ఖాన్ అవతల నుంచి కేకేసినాడు,
ఏం కనపడతాంది?
చూస్తాండా, అన్నాను.